కొండల్లో ఎల్క్ వేటకు ఏ రైఫిల్ స్కోప్ కొనాలి?

డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, బోయిసీ, ఫీనిక్స్ వైపు స్థిరపడిన మనవాళ్ళలో కొందరు ఆఫీసు స్నేహితులతో కలిసి శరదృతువులో వేటకు వెళ్తున్నారు. ఎల్క్, మ్యూల్ డీర్ అనే జింకలు, జింకలాంటి ప్రాంగ్‌హార్న్ వంటి పెద్ద జంతువుల వేట అది. రైఫిల్ ఎంపిక త్వరగానే తేలిపోతుంది. 6.5 క్రీడ్‌మోర్, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, .300 విన్‌చెస్టర్ మాగ్నం అంటూ నాలుగైదు తూటా రకాల పేర్లు తిరుగుతాయి, వాటిలో ఏది కొన్నా పని జరుగుతుంది. అసలు తికమక స్కోప్ (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) దగ్గర మొదలవుతుంది. రెండు వందల డాలర్ల నుంచి మూడు వేల పైదాకా వందలాది మోడళ్ళు ఉన్నాయి. ఎక్కువ జూమ్, పెద్ద లెన్స్ ఉన్నదే మంచిదని షాపు గోడ మీద బోర్డులు చెబుతుంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేట స్కోప్‌లో మొదట చూడాల్సింది జీరో (అనుకున్న దూరంలో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా చేసిన సర్దుబాటు) కదలకుండా నిలబడుతుందా లేదా అన్నది. రెండోది తక్కువ జూమ్ ఎంత తక్కువకు వస్తుందన్నది. ఎక్కువ జూమ్, గ్లాసు స్పష్టత ఆ తర్వాతే. చాలామంది సరిగ్గా దీన్ని తలకిందులుగా చూస్తారు.

స్కోప్ కంటే ముందు చట్టం సంగతి ఒకటి ఉంది, మనవాళ్ళకు ఇది చాలా ముఖ్యం. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి. లైసెన్సు గడువు అయిపోతే ఆ మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. కొలరాడోలో అయితే 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేస్తేనే లైసెన్సు ఇస్తారు. ఆ కోర్సు నిజంగా బాగుంటుంది, మొక్కుబడిగా కాకుండా శ్రద్ధగా చేయండి.

ఇక దూరం సంగతి. పశ్చిమ రాష్ట్రాల్లో వేట అనగానే ఎనిమిది వందలు, వెయ్యి గజాల షాట్ల వీడియోలు గుర్తొస్తాయి. నాకు అవి నచ్చవు. 143 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌తో మామూలు 6.5 క్రీడ్‌మోర్ తీసుకోండి. 200 గజాలకు జీరో చేస్తే 400 గజాల దగ్గర తూటా సుమారు 22 అంగుళాలు కిందకు దిగుతుంది. గంటకు పది మైళ్ళ పక్కగాలి ఉంటే అదే దూరంలో తొమ్మిది అంగుళాలకు దగ్గరగా పక్కకు జరుగుతుంది. కిందకు దిగడాన్ని లెక్క కట్టొచ్చు. రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలిచి టరెట్ (స్కోప్ మీద గురి సర్దే గుండీ) తిప్పితే సరిపోతుంది. గాలిని మాత్రం ఊహించాలి. మీరు నిలబడ్డ చోట ఒకలా, మధ్యలో లోయలో ఇంకోలా, జంతువు దగ్గర మరోలా వీస్తుంది. పది అనుకున్నది నిజానికి పదిహేను అయితే మ్యూల్ డీర్ గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు నుంచి తూటా పక్కకు వెళ్ళిపోవచ్చు. ఆ చోటు వెడల్పు తొమ్మిది పది అంగుళాలే. పైగా 400 గజాలు చేరడానికి తూటాకు అరసెకను పడుతుంది, ఈలోగా జంతువు ఒక అడుగు వేయొచ్చు. గాయపడి చీకటి అడవిలోకి వెళ్ళిపోయిన జంతువు నరకం అనుభవిస్తుంది. అందుకే నా హద్దు 400 గజాలు. ఆ పైన అయితే దగ్గరికి నడిచి వెళ్ళాలి, లేదంటే వదిలేయాలి. ఈ వ్యాసంలోని సలహా అంతా ఆ హద్దు లోపల వేటాడేవాళ్ళ కోసమే.

ఆ దూరానికి మార్కెట్లో ఉన్న స్కోప్‌లను నేను మూడు రకాలుగా చూస్తాను.

మొదటిది పాత పద్ధతి 3-9x40, అంటే జూమ్ 3 నుంచి 9 రెట్లు, ముందు లెన్స్ 40 ఎంఎం. ల్యూపోల్డ్ విఎక్స్ ఫ్రీడమ్ లాంటివి. బరువు 12 ఔన్సులు, అంటే 350 గ్రాముల లోపు. ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. టరెట్ మీద మూత ఉంటుంది, మధ్యలో మామూలు క్రాస్‌హెయిర్. దీన్ని చిన్నచూపు చూడొద్దు. చదునుగా వెళ్ళే క్యాలిబర్ అయితే 100 గజాల దగ్గర రెండున్నర, మూడు అంగుళాలు పైకి తగిలేలా జీరో చేసుకుంటే, సుమారు 275 గజాల వరకు ఏమీ తిప్పకుండా ఛాతీ మధ్యలో గురిపెట్టి కాల్చొచ్చు. కొలరాడోలో ఎల్క్ వేట చాలావరకు ఆ దూరం లోపలే జరుగుతుంది. మూడు వందలు దాటితే మాత్రం దీనితో అంచనా మీద కాల్చాల్సి వస్తుంది. ఆ పని వద్దు.

రెండోది 3-15 తరగతి. ల్యూపోల్డ్ విఎక్స్-5హెచ్‌డి 3-15x44, వోర్టెక్స్ రేజర్ హెచ్‌డి ఎల్‌హెచ్‌టి 3-15x42, మేవెన్ ఆర్‌ఎస్ 1.2, ట్రిజికాన్ టెన్‌మైల్ 3-18x44, స్వరోవ్‌స్కీ జడ్5 3.5-18x44 ఈ గుంపులోకి వస్తాయి. బరువు సుమారు 16 నుంచి 26 ఔన్సుల మధ్య, ధర వెయ్యి డాలర్ల అటూ ఇటూ నుంచి పైకి. వీటిలో ఎక్కువ మోడళ్ళకు తిప్పుకునే ఎలివేషన్ (గురిని పైకీ కిందకీ సర్దే) టరెట్, పారలాక్స్ (కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) సరిచేసే నాబ్ ఉంటాయి.

మూడోది బరువైన టాక్టికల్ రకం. వోర్టెక్స్ వైపర్ పిఎస్‌టి జెన్ 2 5-25x50, నైట్‌ఫోర్స్ ఎన్‌ఎక్స్8 4-32x50 లాంటివి. 28 నుంచి 31 ఔన్సులు, అంటే 800 గ్రాములు, ఆ పైన. ఇనుప పలకల మీద వెయ్యి గజాల టార్గెట్లు కొట్టడానికి ఇవి అద్భుతం. వేటకు తీసుకెళ్తే మాత్రం రెండు ఇబ్బందులు ఉన్నాయి.

ఒకటి బరువు. కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్‌లో గానీ శాన్ వాన్ కొండల్లో గానీ పది వేల అడుగుల ఎత్తున, భుజాన సంచీతో, తెల్లవారక ముందే మంచులో ఎక్కుతుంటే రైఫిల్ మీద ప్రతి ఔన్సూ తెలుస్తుంది. రెండోది అంతకంటే ముఖ్యం. ఆ స్కోప్‌ల తక్కువ జూమ్ సరిపడా తక్కువ కాదు. 5 రెట్ల దగ్గర వంద గజాల దూరంలో కనిపించే వెడల్పు 24 అడుగులు. అదే నలభై గజాల దగ్గరకు వచ్చేసరికి పదడుగులు కూడా ఉండదు. పెద్ద మగ ఎల్క్ ఒళ్ళు పొడవే ఎనిమిది అడుగులు. స్ప్రూస్ చెట్ల మధ్య అది హఠాత్తుగా లేచి నిలబడితే స్కోప్ నిండా గోధుమరంగు వెంట్రుకలు కనిపిస్తాయి. అది భుజమో, పిరుదో తేల్చుకునేలోపు వెళ్ళిపోతుంది. మూడు రెట్ల దగ్గర 35 అడుగులకు పైనే కనిపిస్తుంది కాబట్టి జంతువు మొత్తం కనిపిస్తుంది, దాని వెనక ఇంకో ఎల్క్ ఉందా అన్నదీ తెలుస్తుంది. దూరపు షాట్‌కు టైం ఉంటుంది, దగ్గరి షాట్‌కు ఉండదు. అందుకే పెట్టె మీద రాసిన రెండు అంకెల్లో మొదటిది చూడమంటాను. అది 3 గానీ ఇంకా తక్కువ గానీ ఉండాలి. రెండోది 12 ఉన్నా, 15 ఉన్నా, 18 ఉన్నా 400 గజాల ఎల్క్‌కు తేడా ఏమీ ఉండదు. పది రెట్లు చాలు.

ఇప్పుడు ఎక్కువ వాదనలు జరిగే విషయం: ఫస్ట్ ఫోకల్ ప్లేనా, సెకండ్ ఫోకల్ ప్లేనా. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో జూమ్ పెంచితే రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) కూడా పెద్దదవుతుంది, తగ్గిస్తే చిన్నదవుతుంది. కాబట్టి దాని మీది గీతలు ఏ జూమ్‌లోనైనా ఒకే కొలత చూపిస్తాయి. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో రెటికిల్ ఎప్పుడూ ఒకే సైజులో కనిపిస్తుంది కానీ గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే సరిగ్గా ఉంటుంది, మామూలుగా అది గరిష్ఠ జూమ్.

కాగితం మీద ఇది చిన్న తేడాలా ఉంటుంది. కొండ మీద ఎంత తేడా వస్తుందో లెక్క చూద్దాం. 400 గజాల దగ్గర తొమ్మిది అంగుళాల గాలి సవరణ అంటే 0.6 మిల్ (మిల్ అనేది కోణం కొలత). మీ సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ 15 రెట్ల దగ్గర సరైన కొలత చూపిస్తుంది. ఎండలో వేడి తెరలు లేస్తున్నాయనో, జంతువు కనిపించడం లేదనో జూమ్‌ను ఏడున్నరకు తగ్గించారు. ఇప్పుడు అదే 0.6 గీత 1.2 మిల్ అవుతుంది. తొమ్మిది అంగుళాలు పట్టాలనుకుని పదిహేడు పట్టారు. ఎనిమిది అంగుళాలు పక్కకు. ఎల్క్ కడుపులో తగలడానికి అది చాలు.

దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ కొనడం ఒకటి. దానికీ ఓ లోపం ఉంది. మూడు రెట్ల దగ్గర రెటికిల్ సాలీడు దారంలా సన్నబడిపోతుంది, చీకటి అడవిలో కనిపించదు. బ్యాటరీతో వెలిగే రెటికిల్ ఉంటే కొంత నయం, నాలుగు వైపులా మందపాటి పట్టీలు ఉన్న డిజైన్ అయితే ఇంకా నయం. రెండో పరిష్కారం, సెకండ్ ఫోకల్ ప్లేన్‌లోనే ఉండి, 300 దాటిన ప్రతి షాట్‌కూ జూమ్‌ను గరిష్ఠానికి తిప్పడం చేతి అలవాటు చేసుకోవడం. 400 గజాల హద్దు పెట్టుకున్నవాళ్ళకు నేను రెండోదే చెబుతాను. ఉదయం వేట మొదలుపెట్టే చీకట్లో కనిపించే రెటికిల్ నాకు ముఖ్యం. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు, ఎల్క్ బయటకు వచ్చేది కూడా ఆ వేళల్లోనే. మైదానాల్లో ఎక్కువగా వేటాడుతూ రేంజ్‌లో ప్రతి నెలా ప్రాక్టీసు చేసేవాళ్ళు ఫస్ట్ ఫోకల్ ప్లేన్ తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మిల్ మంచిదా, ఎంఓఏ మంచిదా అన్న దాని మీద సమయం వృథా చేయొద్దు. రెండూ కోణం కొలతలే: ఒక ఎంఓఏ వంద గజాలకు 1.047 అంగుళాలు, ఒక మిల్ 3.6 అంగుళాలు. పైన చెప్పిన 22 అంగుళాలు తిప్పాలంటే పావు ఎంఓఏ టరెట్ మీద 21 క్లిక్కులు, పదో వంతు మిల్ టరెట్ మీద 15 క్లిక్కులు. మీ వేట మిత్రుడు వాడేదే మీరూ వాడండి, తప్పిన షాట్‌ను సరిదిద్దేటప్పుడు ఇద్దరూ ఒకే లెక్క మాట్లాడుకోవచ్చు. రెటికిల్ మిల్‌లో, టరెట్ ఎంఓఏలో ఉన్న పాత మోడళ్ళు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి, అవి మాత్రం వద్దు.

టరెట్ విషయంలో రెండు షరతులు. ఎలివేషన్‌కు జీరో స్టాప్ (తిప్పితే జీరో దగ్గర ఆగిపోయే ఏర్పాటు) గానీ తాళం గానీ ఉండాలి. లేకపోతే స్కాబార్డ్ (రైఫిల్ ఒర) లోంచి తీసేటప్పుడో, చెట్టు కొమ్మకు రాసుకునో తిరిగిపోతుంది, మీకు తెలియదు. విండేజ్ (గురిని పక్కకు సర్దే) టరెట్‌కు మూత ఉండాలి. గాలికి టరెట్ తిప్పాల్సిన పని లేదు, రెటికిల్‌తో పట్టుకోవచ్చు.

దూరాల అంకెలే చెక్కిన డయల్ కొన్ని కంపెనీలు చేసిస్తాయి. ల్యూపోల్డ్ సిడిఎస్ స్కోప్‌లకు మొదటి డయల్ ఉచితం. 400 గజాలు అంటే 4 దగ్గరకు తిప్పడమే, టెన్షన్‌లో లెక్కలు అక్కర్లేదు. కొత్తవాళ్ళకు ఇది నిజంగా మంచి సదుపాయం. కాకపోతే ఆ డయల్ ఒక తూటాకు, ఒక వేగానికి, ఒక ఎత్తుకు, ఒక ఉష్ణోగ్రతకు చెక్కినది. డాలస్ నుంచి చాలామంది మనవాళ్ళు కొలరాడో వేటకు వస్తుంటారు. డాలస్ సముద్రమట్టానికి ఐదారు వందల అడుగుల ఎత్తే. అక్కడి గాలికి చెక్కిన డయల్‌తో పది వేల అడుగుల మీద కాల్చితే గాలి పలచన కాబట్టి తూటా తక్కువగా దిగుతుంది, దెబ్బ పైకి తగులుతుంది. 400 గజాల దగ్గర ఆ తేడా రెండు అంగుళాల లోపే, ఎల్క్‌కు ఫర్వాలేదు. 600 దగ్గర అరడుగు దాటిపోతుంది. డయల్ ఆర్డర్ చేసేటప్పుడు ఇంటి ఎత్తు కాకుండా వేటాడే చోటు ఎత్తు ఇవ్వండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన దానికి వద్దాం. స్కోప్ లోపల రెటికిల్ ఉన్న చిన్న గొట్టాన్ని స్ప్రింగులు ఒకవైపు నుంచి, టరెట్ స్క్రూలు ఇంకోవైపు నుంచి పట్టుకుని ఉంటాయి. ట్రక్కు వెనక ఇరవై మైళ్ళ గతుకుల రోడ్డు, గుర్రం మీద స్కాబార్డ్‌లో కుదుపులు, రాళ్ళ మీద ఒకసారి జారిపడటం. వీటిలో ఆ గొట్టం పిసరంత కదిలినా 400 గజాల దగ్గర అడుగు తేడా వస్తుంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. గ్లాసు ఎంత స్పష్టంగా ఉన్నా, జంతువు రోమాలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నా, తూటా గీత కలిసిన చోట తగలకపోతే ఆ స్పష్టత ఎందుకు?

కంపెనీలు ఈ గుణాన్ని అంకెల్లో చెప్పవు. షాపు కౌంటర్ మీద దీన్ని పరీక్షించలేరు కూడా. అందుకే అందరూ అద్దంలోంచి చూసి ఎంచుకుంటారు. గట్టిదనంలో మంచి పేరున్నవి ఐడహోలోని ఒరోఫినోలో ఉన్న నైట్‌ఫోర్స్, మిచిగన్‌కు చెందిన ట్రిజికాన్. తక్కువ బడ్జెట్‌లో ఎస్‌డబ్ల్యుఎఫ్‌ఏ వారి 6x42, 3-9x42 స్కోప్‌లకు ఈ విషయంలో మంచి పేరుంది. అవి దొరికితే, చూడ్డానికి సాదాగా ఉన్నాయని వదులుకోకండి. ఆరు రెట్ల ఫిక్స్‌డ్ స్కోప్‌తో 400 గజాల ఎల్క్‌ను నిశ్చింతగా కొట్టొచ్చు, కాకపోతే దట్టమైన అడవికి అది నప్పదు. జీవితకాల వారంటీ చూసి మోసపోవద్దు. ల్యూపోల్డ్, వోర్టెక్స్ వారంటీలు నిజంగా మంచివే, కానీ మీ సీజన్ అయిదు రోజులు. స్కోప్ పార్సిల్‌లో వెళ్ళి వచ్చేసరికి ఆ ఏడాది ట్యాగ్ (ఒక జంతువును వేటాడే అనుమతి) పోయినట్టే. లాటరీలో ఏళ్ళ తరబడి పాయింట్లు కూడబెట్టి తెచ్చుకున్న ట్యాగ్ అయితే ఆ బాధ చెప్పనలవి కాదు.

పేరు ఏదైనా ఇంటికి తెచ్చాక పరీక్షించాల్సిందే. వంద గజాల దగ్గర పొడవాటి కాగితం పెట్టి, బరువు దారం సాయంతో నిట్టనిలువు గీత గీయండి. కింద ఉన్న చుక్క మీద గురిపెట్టి మూడు తూటాలు కాల్చండి. అదే చుక్క మీద గురి ఉంచి టరెట్‌ను 5 మిల్ పైకి తిప్పి మళ్ళీ మూడు. రెండు గుంపుల మధ్య దూరం 18 అంగుళాలు రావాలి, ఎంఓఏ అయితే 20 తిప్పితే 21 అంగుళాలకు ఒక పిసరు తక్కువ. రెండో గుంపు కూడా గీత మీదే ఉండాలి, పక్కకు జరిగితే స్కోప్ వంకరగా బిగించారని అర్థం. తర్వాత వెనక్కి తిప్పి కాల్చితే మొదటి గుంపులోనే పడాలి. పడకపోతే స్కోప్‌ను తప్పుబట్టే ముందు రింగులు, బేస్ స్క్రూలు చూడండి. జీరో పోయిందన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం వదులైన స్క్రూలే. టార్క్ రెంచ్ కొనండి, రింగు పైస్క్రూలను తయారీదారు చెప్పినంతే బిగించండి, సాధారణంగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు. బలంకొద్దీ బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది.

లెన్స్ సైజు గురించి రెండు మాటలు. 44 ఎంఎం లెన్స్‌ను 7 రెట్లతో భాగిస్తే 6 ఎంఎం పైన కాంతి కిరణం కంటికి వస్తుంది. చీకట్లో మన కనుపాప తెరుచుకునేది సుమారు అంతే. 15 రెట్లలో అది మూడు ఎంఎంకు పడిపోతుంది, బొమ్మ నల్లబడుతుంది. చీకటి పడుతుంటే జూమ్ తగ్గించండి, 56 ఎంఎం లెన్స్ కోసం అదనపు బరువు మోయక్కర్లేదు. 30 ఎంఎం ట్యూబు వల్ల కాంతి పెరుగుతుందనేది కూడా అపోహే, దానివల్ల పెరిగేది టరెట్ తిరిగే పరిధి. మాగ్నం రైఫిల్ అయితే కంటికీ స్కోప్‌కూ మధ్య మూడున్నర అంగుళాలకు తగ్గకుండా దూరం ఉండేలా చూసుకోండి, లేకపోతే వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లుతుంది. జంతువులను వెతకడానికి బైనాక్యులర్లు ఉన్నాయి. స్కోప్‌తో కొండను వెతకడం అంటే అక్కడున్న మనుషుల మీద తుపాకీ ఎక్కుపెట్టడమే, అది ఎన్నటికీ చేయొద్దు.

దూరం కొలిచి, గురి కూడా అదే చూపించే స్మార్ట్ స్కోప్‌లు వచ్చాయి. వేటకు నేను వాటిని సిఫార్సు చేయను. ఐడహోలో అయితే రైఫిల్‌కు గానీ స్కోప్‌కు గానీ తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరాలు నిషేధం, వెలిగే రెటికిల్ ఒక్కటే మినహాయింపు. అన్నీ కలిపిన రైఫిల్ బరువు 16 పౌండ్లు దాటకూడదని కూడా అక్కడ నియమం ఉంది. వేరే రాష్ట్రంలో ట్యాగ్ వస్తే అక్కడి ఆ ఏడాది నియమాల పుస్తకం చదివాకే స్కోప్ కొనండి.

మరి ఏది కొనాలి? కొలరాడో, ఐడహో అడవుల్లో ఎల్క్ మీ ప్రధాన వేట అయితే 3-15 తరగతిలో, ఇరవై ఔన్సుల దరిదాపుల్లో, సెకండ్ ఫోకల్ ప్లేన్, జీరో లాక్ ఉన్నది. విఎక్స్-5హెచ్‌డి ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. వ్యోమింగ్ రెడ్ డెజర్ట్‌లో ప్రాంగ్‌హార్న్, నెవాడా మైదానాల్లో మ్యూల్ డీర్ ఎక్కువగా వేటాడేవాళ్ళు కొంచెం బరువు భరించి ట్రిజికాన్ టెన్‌మైల్ గానీ నైట్‌ఫోర్స్ ఎన్‌ఎక్స్8 2.5-20x50 గానీ చూడొచ్చు. రెండోది 28 ఔన్సులు అయినా తక్కువ జూమ్ రెండున్నర దాకా వస్తుంది కాబట్టి టాక్టికల్ రకాల్లో దాన్ని నేను మినహాయిస్తాను. బడ్జెట్ అయిదు వందల లోపు ఉంటే, ఆ ధరలో 4-16 అంటూ టరెట్లు, లైట్లు అన్నీ ఇచ్చే స్కోప్ కంటే మామూలు 3-9x40 కొని, మిగిలిన డబ్బు రేంజ్‌ఫైండర్ మీద, ప్రాక్టీసు తూటాల మీద పెట్టండి. హద్దును 275 గజాలకు కుదించుకోండి.

ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం కాబట్టి ఈ సలహా అక్కడ వర్తించదు. అయితే షూటింగ్ క్రీడల్లో ఉన్న బంధువులు అమెరికా నుంచి స్కోప్ తెమ్మని అడుగుతుంటారు. రైఫిల్ స్కోప్‌లు అమెరికా ఎగుమతి నియంత్రణల కిందకు వస్తాయి. లైసెన్సు లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్ విమానం ఎక్కితే పెద్ద చిక్కుల్లో పడతారు. మొహమాటపడకుండా కుదరదని చెప్పేయండి.

కొనే సమయం జూలై. కొలరాడో రైఫిల్ సీజన్లు అక్టోబర్ మధ్యలో మొదలవుతాయి. జూలైలో కొంటే ఆగస్టులో పైన చెప్పిన పరీక్ష చేసి, తేడా ఉంటే తిప్పి పంపి, వేరేది తెచ్చుకోవడానికి సెప్టెంబర్ మొత్తం మిగులుతుంది.